చెవిలో దూది

కరీమూ,

కోట యుద్ధం ఆట ఎప్పుడని ఏటా ఏలూరు నుంచి నువ్వే కార్డు రాసేవాడివి. ఈ ఏడు ఆట నిన్న అయిపోయింది. అడగడానికి నువ్వు లేవు కనుక నేనే రాస్తున్నాను.

మా కొల్లేటికోటలో ఆట మారదని నీకు తెలుసు. కాపలావాడు నిద్రపోవాలి, శత్రువులు పడవల మీద వచ్చి పడాలి, కోట పోవాలి. మా పూర్వీకులు అలాగే ఓడిపోయారట. నువ్వేమో తివాచీల పని మానుకుని మరీ వచ్చి, గట్టు మీద నిలబడి, "లేవండి బాబూ, వచ్చేస్తున్నారు" అని అరిచేవాడివి.

"ఓడిపోయే కోట కోసం ఇంత దూరం దేనికిరా" అంటే, "ఈసారి లేస్తాడేమోరా" అని నవ్వేవాడివి.

ఒక ఏడు కాపలావాడి వేషం వేసే సాంబయ్యగారు నీ అరుపుకి నిజంగానే లేచి కూర్చున్నారు. ఆట మళ్లీ మొదటి నుంచి ఆడాల్సి వచ్చింది. అప్పటి నుంచి కాపలావాడు చెవుల్లో దూది పెట్టుకోవడం ఆచారమైపోయింది.

నిన్న నేను దూది తీసుకెళ్లి ఇస్తే ఆయన పుచ్చుకోలేదు.

"ఎందుకండీ, అరిచేవారు లేరు కదండీ" అన్నారు.

ఆయన పడుకున్నారు. పడవలు దగ్గరికి వచ్చేశాయి. నీ బదులు నేనైనా అరవాలని గట్టు మీద లేచి నిలబడ్డాను. ఆస్పత్రిలో నీ మంచం పక్కన రెండు రోజులు నిన్ను పిలిచిన గొంతే ఇది. పైకి రాలేదు.

సాంబయ్యగారు ఒక కన్ను తెరిచి గట్టు వైపు చూశారు. కాసేపు నాకేసి అలాగే చూసి, మళ్లీ మూసుకున్నారు.