కార్డు పట్టని ఫోను

తమ్ముడూ,

క్షేమమేనా అని అడగను; ఆదివారం దాకా క్షేమంగానే ఉంటావు.

నువ్విచ్చిన కొత్త ఫోనుకు వెనక మూడు కళ్ళున్నాయి, చెవులే లేవు. పాతదైతే మాట్లాడిన ప్రతి మాటనూ దానంతటదే రికార్డు చేసేది. ఆ సంగతి నీతో అన్న వారానికే "పాతది నాకిచ్చెయ్ అక్కా" అంటూ దీన్ని తెచ్చావు. కుట్టుమిషను పెట్టుకోవడానికి ముందుగది నాకేనని ఫోనులో ఒట్టేసినవాడివి, మొన్న మీ ఆవిడ ముందు "నేనెప్పుడన్నాను?" అన్నావు.

కొత్తదాంట్లో మెమరీకార్డు పెట్టే చోటు కూడా లేదు నాయనా. అందుకే పాతదాంట్లోంచి తీసిన కార్డు, నీ మాటలతో సహా, నా గుండీల డబ్బాలోనే ఉండిపోయింది. ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, కార్డు పట్టే ఫోనొకటి అడిగి తీసుకుని వస్తాను. నువ్వు తేలు కుట్టిన దొంగలా కూర్చుంటే చాలు, మాట్లాడనక్కర్లేదు. నీ గొంతు నేనే తెస్తున్నాను.

నీ అక్క