పదమూడు ప్యాడ్లు

ఆదోని,
9-3-1956, శుక్రవారం.

ఎమ్మిగనూరులో ఉండే మేనల్లుడు ఈరప్పకు, మామ దుర్గప్ప ఒకరి చేత రాయించకుండా తన చేత్తో రాసుకున్న జాబు. నేను బాగున్నాను. నువ్వూ బాగుండి ఈ జాబు చదువుకో.

ఏడేండ్లయింది, నేను మరిచిపోలేదు. మాధవరం పెండ్లిలో, మగపెండ్లివారి ముందర, నా క్లారినెట్టు కింది స్వరం పలకక కీచుమంది. రంధ్రాలు మూసే ప్యాడ్లు వేసింది నువ్వు కాబట్టి నిన్నడిగినాను. నువ్వేమన్నావు? "ప్యాడ్లు బాగుండాయి మామా, గాలి నీ నోట్లోంచే పోతాంది" అన్నావు. డోలు కొట్టే మాదన్న నవ్వినాడు. మేళంలోంచి నిన్ను పొమ్మన్నది నేనే. పొమ్మంటే ఏడేండ్లు పోతారా ఎవరైనా? నీ క్లారినెట్టు గోడకు తగిలించి మగ్గం ఎక్కినావని వాళ్లూ వీళ్లూ అంటే తెలిసింది.

ఈ వారం మీటల కింద నువ్వేసిన తోలు ప్యాడ్లు పదమూడూ పీకేసినాను. మద్రాసు నుంచి కొత్తవి తెప్పించినాను, చూడటానికి తెల్లగా మల్లెమొగ్గల్లా ఉన్నాయి. కానీ మందం ఎక్కువ. మీట నొక్కితే వెనకంచు ముందే ఆనుతుంది, ముందరంచు నోరు తెరుచుకునే ఉంటుంది. అవి అవతల పడేసి నేనే చేసుకున్నాను. చెప్పులు కుట్టే యూసుఫ్ సాబ్ దగ్గర పల్చని మేకపిల్ల తోలు అడిగితే, "యాడ వాయించేకి పెద్దాయనా, నిన్ను పిలిచేదెవరు?" అన్నాడు. తోలు తీసుకుని వచ్చేసినాను.

అడుగున అట్ట, మీద ఉన్ని, ఆపైన తోలు. ఉన్ని కోసం నా మేళం కోటు వీపు కోసినాను. తొడుక్కుంటే ముందర నుంచి తెలియదులే. మీట చిప్పలో లక్క కరిగించి, ప్యాడు పెట్టి, రంధ్రం మీద మూసి, చల్లారేదాకా వేలు తీయకుండా కూర్చున్నాను. నువ్వుంటే దీపం పట్టేవాడివి. ఒంటి మనిషికి ఈ పనిలో మూడు చేతులు కావాలి. ఒక్కోదాని కింద సిగరెట్టు కాగితం పెట్టి లాగినాను. ఎటు లాగినా బిగువుగా పట్టింది.

ఆఖరి పరీక్ష నీకు తెలుసు. ఒకరు ఊదాలి, ఇంకొకరు చెంప ఆనించి గాలి ఎక్కడ కారుతుందో చూడాలి. ఈ ఇంట్లో ఉన్న చెంప నాదొక్కటే. అందుకని పగలే తలుపులు మూసి, పీట మీద దీపం పెట్టి, దాని ముందర క్లారినెట్టు తిప్పుతూ ఊదినాను. పదమూడు చోట్లా మంట కదలలేదు. పని అంటే అదీ.

కాబట్టి ఆ దినం తప్పు నీ ప్యాడ్లదేనని ఒప్పుకుని కార్డు ముక్క రాయి. పద్దెనిమిదో తేదీ ఆదివారం లోపల నా చేతికి అందాలి.

ఇట్లు,
నీ మేనమామ
దుర్గప్ప

మళ్లీ రాసేది: జాబు మడిచినాక మనసొప్పక విప్పినాను. కింది స్వరం ఇప్పుడూ పలకలేదు. పదమూడు చోట్లా కదలని మంట, నా నోటి మూల దగ్గరికి వచ్చేసరికి వంగింది. అటువైపు పై పండ్లు రెండు లేవు. మాధవరం పెండ్లికి ముందే పోయినాయి. మీసం పెంచి కప్పుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. నీ ప్యాడ్లు పీకినప్పుడు కూడా చూసినాను. ఒక్కోదాని మీద రంధ్రం ఒత్తుకున్న అచ్చు గుండ్రంగా, ఎక్కడా తెగకుండా ఉంది, గాలి పోయే సందే లేదు. పారేయలేదు, నశ్యం డబ్బీలో పెట్టినాను.

పైన రాసింది నేను కొట్టేయను, కష్టపడి రాసినాను. కావాలంటే నువ్వు కొట్టేసుకో. ఒప్పుకోలు కార్డు వద్దు. ఒక్కసారి వచ్చి ఊదిపో. ఈసారి చెంప నేను ఆనిస్తాను. వస్తావో రావో, అదే ఆదివారం లోపల రాయి.