సగం డబ్బ గ్రీజు

14 జూలై 2011, గురువారం

ఆదివారం కూసోని అన్న పాత కారు వైపర్లు బాగు చేసిన. మోటార్ మంచిగనే ఉంది, లోపలి గ్రీజే ఎండి గట్టిపడ్డది. కిరోసిన్‌తోని కడిగి కొత్తది పెట్టిన. రెండు గంటల పని. దీన్ని పదేండ్లు వాయిదా వేసిన.

వైపర్లు మెల్లగ తిరుగుతున్నయని అన్న వానకాలమంతా జేబుల పొగాకు పెట్టుకునెటోడు. అద్దానికి రుద్దితే నీళ్లు నిలువకుండ జారిపోయేటివి. వదిన అడిగితే "కారు కోసమే" అనెటోడు. మిగిలింది నోట్లె వేసుకునెటోడు. నేను అప్పుడే బాగు చేసుంటే ఆ సాకన్నా లేకుండె.

ఇయ్యాల దవాఖానకు పోతుంటే నారాయణగూడ కాడ వాన దంచింది. వైపర్లు జోరుగ తిరుగుతున్నా, అన్న చెయ్యి అలవాటుగ జేబు మీదికి పోయింది. అండ్ల దవాఖాన చీటీ తప్ప ఏం లేదు.

స్కాన్ చూసి డాక్టర్ నన్నొక్కన్నే లోపలికి పిలిచిండు. "క్యాన్సర్ దవడ దాటి పోయింది. ఇంక ఇక్కడికి తిప్పకండి, ఇంట్లనే మంచిగ చూస్కోండి" అన్నడు. బయటికొచ్చి అన్నను ఎక్కించుకోని కారు తీసిన.

చిక్కడపల్లిల మలుపు తిరుగుతుంటే, సగమే తెరుచుకునే నోటితోని అన్న అడిగిండు. "గ్రీజు మిగిలిందారా?"

"సగం డబ్బ ఉందన్నా."

"పారెయ్యకు. వచ్చే వానకాలానికి మళ్ల పెట్టాలె."

తలూపిన. ఇంటికొచ్చి డబ్బ మూత గట్టిగ బిగించి అల్మార్ల పెట్టిన. అన్న చూస్తుండె.