బతికే ఉన్న మద్దిలేటమ్మకు విగ్రహం

ఆళ్లగడ్డ,
సోమవారం.

నంద్యాల బొరుగుల బట్టీ మద్దిలేటమ్మ గారి కుటుంబ సభ్యులకు శిల్పి మౌనేశ్వరాచారి నమస్కరించి రాయునది.

అమ్మగారు పోయిన సంగతి ఫోటో చూసి తెలుసుకున్నాను. చాలా బాధ కలిగింది. ఆమె బట్టీ బొరుగులతో ఉగ్గాని చేసుకోని ఇల్లు మా వీధిలో లేదు. మార్కెట్ ఆడవాళ్లకు సంఘం పెట్టి, మరుగుదొడ్లు కట్టేదాకా ఆఫీసు మెట్ల మీద నుంచి లేవని మనిషని విన్నాను.

సంఘం కార్యదర్శి సురేష్ గారు నిలువెత్తు విగ్రహం చేయమని చెప్పి, ఫోటో ఇచ్చి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయారు. నేను ఏమీ అడగలేకపోయాను. అమ్మగారి ఎత్తెంత? చేతిలో ఏం పెట్టాలి? చావు జరిగిన ఇంటికి ఫోన్ చేసి కొలతలు అడగడం మర్యాద కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆమె ఆత్మకు శాంతి కలగాలని కోరుతూ,
మౌనేశ్వరాచారి

తా.క. ఫోటోలో అమ్మగారు కోపంగా ఉన్నారు. నవ్వుతున్న ఫోటో ఉంటే పంపండి. ఎప్పుడూ నవ్వలేదంటే అదైనా చెప్పండి, నవ్వు నేను చెక్కుకుంటాను.

* * *

నంద్యాల,
గురువారం.

చిరంజీవి మౌనేశ్వరాచారికి ఇంకా బతికే ఉన్న మద్దిలేటమ్మ దీవించి రాయునది.

నా కుటుంబ సభ్యులకు రాసిన ఉత్తరం నేనే చదువుకున్నా. నా చావు కబురు నాకే రాసినోడివి నువ్వొక్కడివే. ఫోన్ చేస్తే రాయి కోసే మిషన్ మోత తప్ప నీ మాట వినపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఫోటోకు దండ ఉందని పోయాననుకున్నావా అప్పా? మొన్న మార్కెట్‌లో నాకు సన్మానం చేసినారు. మెడలో వేసిన దండను పారేయడం ఎందుకని మా అక్క కొడుకు సురేష్ గోడ మీది నా ఫోటోకు తగిలించినాడు. నీకిచ్చింది ఆ ఫోటోనే. పిలిచి అడిగితే, "పూలు బాగుండాయి గదా చిన్నమ్మా" అంటాడు. విగ్రహం సంగతి నాకు చెప్పకుండా ఆశ్చర్యపెట్టాలనుకున్నాడంట. బాగా ఆశ్చర్యపోయినా.

నాకు విగ్రహం వద్దు. పని ఆపెయ్.

ఇట్లు,
మద్దిలేటమ్మ (నా చేత్తోనే)

తా.క. ఆ ఫోటోలో ముక్కు పెద్దదిగా పడింది. నాది అంత ముక్కు కాదు. పని ఆపుతావు కాబట్టి నీకిది అక్కర్లేదు, ఊరికే చెప్తున్నా.

* * *

ఆళ్లగడ్డ,
శనివారం.

నిండు నూరేళ్లూ బతకవలసిన మద్దిలేటమ్మ గారికి మౌనేశ్వరాచారి లెంపలు వేసుకొని రాయునది.

తప్పైందమ్మా. మీ పేరున నా భార్య దీపం పెట్టింది. మీ ఉత్తరం చూశాక ఆర్పాలో వద్దో తెలీక, దాన్ని దేవుడి గూట్లోకి మార్చింది.

ఇప్పుడు నా కష్టం వినండి. పని ఆపడానికి లేదు, నిలువురాయి తెచ్చి చదును కొట్టేశాను. సాగించడానికీ లేదు. బతికున్న మనిషి రూపం రాతిలో నిలబెడితే ఆయుష్షు తగ్గుతుందని మా నాయన చెప్పేవాడు, ఆయన మాట నేనెప్పుడూ దాటలేదు. సురేష్ గారేమో మార్కెట్ గేటు పక్క మలుపులో దిమ్మె కూడా కట్టించేశామని రోజూ మనిషిని పంపుతున్నారు.

అందుకని అడుగుతున్నాను, వేరేగా అనుకోవద్దు. అమ్మగారికి షుగరు, బీపీ లాంటివేమైనా ఉన్నాయా? మీ ఇంట్లో పెద్దవాళ్లు మామూలుగా ఏ వయసు దాకా ఉంటారు?

మీ క్షేమం కోరే,
మౌనేశ్వరాచారి

తా.క. తొందరేమీ లేదమ్మా. రాయి చెడిపోయేది కాదు.

* * *

నంద్యాల,
మంగళవారం.

ఆచారికి, నీ రాయి కోసం చావదలుచుకోని మద్దిలేటమ్మ రాయునది.

షుగరు లేదు. బీపీ నీ ఉత్తరం వచ్చినాక వచ్చింది. మా అమ్మ పళ్లన్నీ ఊడినాక కూడా శనగలు నానబెట్టుకొని తిని, మునిమనవడి పెండ్లి చూసి పోయింది. నువ్వే కాదు, నీ కొడుకు కూడా ఉలి పట్టుకొని కాచుకోవాల్సిందే.

దిమ్మె సంగతి నీ ఉత్తరంతోనే తెలిసింది. పోయి చూసినా. ఒళ్లు మండింది. ఆ మలుపు ఏందో నీకు తెలీదు. గోస్పాడు నుంచి, కోయిలకుంట్ల నుంచి వచ్చే ఆడోళ్లు నెత్తిన గంపలు దించుకునేది ఆడనే. నేనూ పెండ్లైన కొత్తల్లో గోస్పాడు నుంచి గంప మోసుకొచ్చినదాన్నే. బొరుగులే కదా బరువేముంది అనుకుంటావేమో, బొరుగులు పైన, కింద అంతా శనగలు. గంప ఎత్తడానికి ఇంట్లో మనుషులుంటారు. దించడానికి ఊరుగాని ఊర్లో ఎవరుంటారు? ఒకరోజు ఒక చేయి వేసేవాళ్లు లేక, మెడ నరాలు లాగుతా, అంతా మట్టిపాలైతాదని ఏడుస్తా నిలబడినా. గాజులమ్మే జాన్‌బీ తన బుట్ట వదిలేసి ఉరికొచ్చి, "ఏందక్కా, పిలిస్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని చేయి వేసింది. ఆ చేయి నేను ఈరోజు దాకా వదల్లేదు. బట్టీ పెట్టినా, సంఘం పెట్టినా దాన్ని పట్టుకొనే.

అట్లాంటి జాగాలో నా బొమ్మ నిలబెడితే వచ్చేవాళ్లు గంపలు నా నెత్తిన దించుతారా? ఆ జాగా పోతే నేను చేసిందంతా పోయినట్టే. సురేష్ వినడు, అందరికీ పిలుపులు పోయినాయి, ఇప్పుడు ఆపితే పరువు పోతాదంటాడు. నువ్వే ఏదన్నా చేయాల నాయనా.

ఇట్లు,
మద్దిలేటమ్మ

తా.క. ఒకవేళ చెక్కితే గడ్డం కింద మడత వద్దని జాన్‌బీ చెప్పమంది. నేను చెప్పలేదు.

* * *

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

మద్దిలేటమ్మ గారికి మౌనేశ్వరాచారి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి ఉలి పక్కన పెట్టాను. ఒక ఆలోచన తట్టింది. పూర్తికాని పని గురించి బయట చెప్పడం మా ఇంటా వంటా లేదు. కొలతలు మాత్రం కావాలి. మీరు నిటారుగా నిలబడితే భుజం దాకా ఎంత, నెత్తి దాకా ఎంత? జాన్‌బీ గారిని టేపు పట్టుకోమనండి. సురేష్ గారికి తెలియనివ్వకండి.

మీ,
మౌనేశ్వరాచారి

తా.క. వెడల్పు, లోతు గురించి మీరు దిగులు పడొద్దు. అవి నేను చూసుకుంటాను.

* * *

నంద్యాల,
సోమవారం.

ఓరి ఆచారీ!

విగ్రహం పెడితే ఆయుష్షు తగ్గుతాదని, నేరుగా గుంతకే కొలతలు తీస్తాండావా? లోతు నువ్వు చూసుకుంటావా? సురేష్‌కు తెలియకుండా నన్ను పూడ్చిపెడతావా? ఉత్తరం చదివి వినిపిస్తే జాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నవ్వి, టేపు తెచ్చింది. దానికి సిగ్గు లేదు.

ఇక నీకు ఉత్తరం రాస్తే ఒట్టు.

మద్దిలేటమ్మ

తా.క. కొలతలు వెనకపక్క ఉన్నాయి. అందులో ఒక అంగుళం నేను కలుపుకున్నా.

* * *

నంద్యాల,
ఆదివారం.

నాయనా మౌనేశ్వరాచారీ, ఒట్టు తీసి గట్టున పెట్టి మద్దిలేటమ్మ మనసారా దీవించి రాయునది.

పొద్దున లారీ వచ్చింది. నీ మనుషులు దిమ్మె తీయించి, గుంత తవ్వి, గుడ్డ చుట్టిన రాయిని పాతినారు. లోతు అంటే ఇదన్నమాట. సురేష్ మేళం పెట్టించినాడు. ముక్కు ఎట్లొచ్చిందో అని నేను జాన్‌బీ చేయి పట్టుకొని నిలబడినా.

గుడ్డ లాగితే చేతుల్లేవు, తల లేదు, ముక్కే లేదు. నిలువురాయి, దాని పైన వెడల్పాటి బండ. మేళం ఆగిపోయింది. సురేష్ మొహం మాడిపోయింది. "చిన్నమ్మా, తల యాడో పడిపోయినట్టుంది, లారీలో చూసొస్తా" అని ఉరికినాడు.

నాకూ ముందు ఏమీ అర్థం కాలేదు. అంతలో గోస్పాడు ఆటో దిగి నడిచొచ్చిన ఒక పిల్ల, చంకలో బిడ్డ, నెత్తిన గంప, దించేవాళ్ల కోసం అటూ ఇటూ చూసింది. అందరూ లారీ వైపు చూస్తాండారు. ఆ పిల్ల రాయి దగ్గరికి పోయి, మెడ కాస్త వంచి, గంపను బండ మీదికి జరిపింది. ఎవర్నీ పిలవలేదు. మెడ నిమురుకొని, బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదప్పా. జాన్‌బీ, "నేను పోయినాక కూడా ఈడ ఒక చేయి ఉంటాదిలే అక్కా" అనింది.

నేనూ ఒక గంప ఎత్తుకొని దించి చూసినా. సరిగ్గా సరిపోయింది. ఆ అంగుళం తీసేసినట్టున్నావు.

మీ నాయన మాట నిలబడింది, నా జాగా నాకు నిలబడింది. ఈ ఆలోచన తనదేనని సురేష్ సాయంత్రానికే అందరికీ చెప్పుకుంటున్నాడు. రాతికి దండ వేయబోతే జాన్‌బీ వాని చేతి మీద ఒకటేసింది.

ఈసారి నంద్యాల వస్తే మా ఇంట్లో ఉగ్గాని తిని పో.

ఇట్లు,
నీకు రుణపడిన
మద్దిలేటమ్మ

తా.క. రాతికి ముందువైపు జానెడు జాగా నున్నగా చేసి ఏమీ చెక్కకుండా వదిలినావు. ఎందుకో నాకు అర్థమైంది. తొందరేమీ లేదు, రాయి చెడిపోయేది కాదు. ముక్కు మాత్రం చిన్నదిగా పెట్టు.