ఘటం ఎత్తే తలకి పరీక్ష

మార్చి 9, సోమవారం

నా పేరు తవిటమ్మ. నాకు అక్షరం రాదు. పక్కింటి రూబీ రాస్తంది. వాళ్లది చర్చి. మా అమ్మోరి సంగతుల్లో ఆమెకి ఏ పక్షమూ లేదు. అందుకే ఆమెనే రాయమన్నాను.

మా అత్త తరవాత ఏటేటా అమ్మోరి సంబరానికి ఘటం కుండ నెత్తిన ఎత్తేది నేనే. ఎత్తితే అమ్మోరు నా మీదికి వస్తాది. ఆ పలుకు కోసం ఊరంతా నిలబడతాది.

మొన్న వంటింట్లో కళ్లు తిరిగి పడ్డాను. నా తోటికోడలు లక్ష్మణమ్మ ఏడ్చింది. అక్కా, శ్రీకాకుళం తీసుకెళ్లి తలకి పరీక్ష చేయిస్తాను, నీకేటైనా అయితే నాకు దిక్కెవలు అంది. సరే అన్నాను. కొత్తకోడలుగా వచ్చినప్పుడు దానికి జడేసింది నేనే.

మార్చి 11, బుధవారం

పరీక్షకి ముందు రాత్రి సగం నిద్ర మానమన్నారు ఆస్పత్రోళ్లు. తలకి షాంపూ రుద్దుకోమన్నారు, నూనె చుక్క ఉండకూడదట. టీ వద్దు, తిండి తినొచ్చు అన్నారు.

టెక్నీషియన్ పిల్ల పేరు విశాలి. కరెంటు పెడతావా అనడిగాను. మేమేం పెట్టం మామ్మా, నీ తలలో ఉన్నదే చూస్తాం అంది. పేస్టు రాసి తల నిండా వైర్లు అంటించింది, పక్కన టీవీలో గీతలు కదిలాయి. నొప్పి లేదు, దురద. కళ్లు ముయ్యి, తెరువు, గట్టిగా ఊపిరి తియ్యి అంది. ముఖం మీద లైటు టపటపా కొట్టించింది. చివర్న పడుకోమంటే పడుకున్నాను.

నా మనసులో మాట తెలిసిపోతాదా అన్నాను. అలా తెలిసేదైతే ముందు మా అత్తగారికే పెడతాను అంది.

బయటికొచ్చాక లక్ష్మణమ్మ ఆ పిల్లని పక్కకి పిలిచింది. పూనకం వచ్చేవాళ్లకి గీతలు వేరేగా పడతాయా అనడిగింది. నాకు చెవుడు లేదు.

మార్చి 11, సాయంత్రం

తిరుగు బస్సులో లక్ష్మణమ్మ నా భుజం మీదే నిద్రపోయింది.

మార్చి 14, శనివారం

గీతలు బాగున్నాయట. ఫిట్స్ గుర్తులేవీ కనబళ్లేదు, కాని ఈ పరీక్ష వైర్లు ఉన్నంతసేపటి సంగతే చెప్తాది, మళ్లీ పడితే వెంటనే రమ్మన్నారు డాక్టరు గారు. లక్ష్మణమ్మ నాకంటే ఎక్కువ సంతోషపడింది. అంత సంతోషం ఎందుకో మరి.

మార్చి 17, మంగళవారం

ఘటం సంగతి తేల్చడానికి ఊరి పెద్దలు కూర్చున్నారు. లక్ష్మణమ్మ లేచి, అక్క తలలో ఏ జబ్బూ లేదని డాక్టరే చెప్పాడు, జబ్బు లేకుండా ఊగిందంటే ఇన్నేళ్లూ నాటకమే కదా అంది.

గీతలు చెడ్డగా వస్తే ఏటనేదానివే అనడిగాను. దాని బదులు ఊరి పెద్ద గంగులు అందుకున్నాడు. జబ్బుమనిషి నెత్తిన ఘటం పెట్టం కదా వదినా అన్నాడు.

అంటే ముందే అనుకున్నారు. గీతలు ఎటు పడినా నేనే తప్పుకోవాలి.

ఆ ఆస్పత్రి లైటుకి అమ్మోరు వస్తాదా? డప్పు లేదు, వేపమండ లేదు, కష్టం చెప్పుకునే మనిషి లేడు. ఎందుకు వస్తాది? రూబీ ఇక్కడ పెన్ను ఆపింది. రాయి అన్నాను.

ఈ ఏడు ఘటం లక్ష్మణమ్మదట.

మార్చి 20, శుక్రవారం

లక్ష్మణమ్మ చేపల కూర పంపింది. కుక్కకి పెట్టాను.

మార్చి 24, మంగళవారం

సంబరం మొదలైంది, లక్ష్మణమ్మ నెత్తిన ఘటం మా గుమ్మం ముందుకొచ్చింది. ఎత్తిన మనిషి కాళ్ల మీద పసుపునీళ్లు పొయ్యాలి. ఒక చెంబు పోశాను, అమ్మోరికి. డప్పు గట్టిగా మోగతన్నాది. లక్ష్మణమ్మ ఒంట్లో కదలిక లేదు.

రెండో చెంబుకి నేను వంగినప్పుడు మెల్లగా అడిగింది. అక్కా, అమ్మోరు ఎలా వస్తాది, సెప్పవా, అందరూ సూస్తన్నారు అంది.

ఆ చెంబు కూడా పోసి లోపలికి వచ్చేశాను.