మోతీ మింగిన బొక్క

17-2-1991, ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం కోడికూర తిన్నాక అత్తమ్మ ఎప్పటిలాగే ఎముకలన్నీ మా కుక్క మోతీకి వేసింది. కాసేపటికి అది మెడ చాచి దగ్గడం మొదలుపెట్టింది. నోటి నుంచి చొంగ కారింది.

"గొంతుల బొక్క అడ్డం పడ్డది. అన్నం ముద్ద పెట్టు, నమలకుంట మింగితే దిగిపోతది" అంది అత్తమ్మ. చేపముల్లు గుచ్చుకుంటే మనం చేసేది అదే కదా. నెయ్యి కలిపి ముద్దలు చేసి, దాని నోరు తెరిచి, నేనే లోపలికి తోశాను. దగ్గు ఆగింది. ఇద్దరం సంతోషపడ్డాం కూడా.

సాయంత్రం నుంచి అది నీళ్లు కూడా ముట్టడం లేదు. మా ఆయన పెర్కిట్ వెళ్లి పశువుల డాక్టరును తీసుకొచ్చారు. అంతా విని డాక్టరు నా వైపే చూశాడు.

"ఉడికిన బొక్క సూదుల్లెక్క చీలుతదమ్మా. గొంతుల ఉన్నప్పుడే పిలిస్తే తీస్తుంటి. మీరు ముద్దతోని కడుపులకు తోసిండ్రు. పేగుకు గుచ్చుకుంటే కడుపు గట్టిపడతది. గట్లయితే ఎంత రాత్రైనా తీస్కరండి."

కళ్లంలో పసుపు కుప్ప దగ్గర ఆకు కదిలినా మొరిగే కుక్క అది. ఇవాళ దాని బదులు ఆయన కావలికి వెళ్లారు.

ఇప్పుడే వాకిట్లోంచి అత్తమ్మ పిలిచింది. "బిడ్డా, జర దీని కడుపు ముట్టి సూడు. గట్టిగైందో లేదో నాకు తెలుస్తలేదు."

వస్తున్నా అన్నాను. లేవకుండా ఇది రాస్తున్నాను.