ఉప్పు లేని మునగాకు రొట్టె

టెక్కలి, శనివారం

నాయనా కూర్మనాథం,

మీ అమ్మకి భయం లేదు. పడిపోయిన కుడిచేతి వేళ్లు కొంచెం కదులుతున్నాయి. వైద్యుడు ఇంకో పక్షం రోజులు ఇక్కడే ఉండమన్నాడు. వంట నేనే చేస్తున్నాను. నిన్న మీ అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే చోడిపిండిలో మునగాకు, ఉల్లిపాయలు కలిపి అరిటాకు మీద రొట్టెలు తట్టాను. పెనం తగిలి రెండు వేళ్లు కాలాయి. తను ఎడమచేత్తో రెండు రొట్టెలు మాట్లాడకుండా తినేసింది. తరవాత నేను నోట్లో పెట్టుకుంటే అసలు ఉప్పే లేదు. చెప్పవేమని కసిరాను. "సెయ్యి కాల్సుకోని సేసినారు, ఏటని సెప్పీది?" అంది. ఉప్పు చాలలేదని ఆ మనిషి ముందుకి నేను కంచం తోసేసిన రోజులు నువ్వూ చూశావు. నేనూ ఆ రొట్టె ఉప్పు లేకుండానే తిన్నాను.

ఇటు వచ్చే బండిలో చోడిపిండి, నాలుగు కొబ్బరికాయలు పంపించు. ఆవు ఈనిందా? ఆనపపాదుకి నీళ్లు మానకు. కోడలి వంటలో ఉప్పు తగ్గితే అడిగి వేసుకో, కంచం తొయ్యకు. ఆ తొయ్యడం నువ్వు నా దగ్గరే నేర్చుకున్నావు.

దీవెనలు ముందు కోడలికి, తరవాత నీకు.

మీ నాన్న,
తవిటినాయుడు